నాయన ఇంగ్లీషు పాఠం

మా నాయన హైదరాబాదు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. వనపర్తి బడిలో మొదలైన చదువు సంస్థానం వారి సాయంతో పట్నం దాకా వెళ్ళింది, మొదటి నుంచి చివరిదాకా ఉర్దూలోనే. వేడి ఆయనకు హరారత్, వెలుగు రోషనీ. మా వంశంలో నాగలి పట్టని మొదటి మనిషి కాబట్టి అందరూ 'ప్రొఫెసర్ సాబ్' అనేవాళ్ళు. ఆయనింకా ప్రొఫెసర్ కాలేదని మేమెవరమూ చెప్పలేదు.

ఆయన పట్నంలో, మేము వనపర్తిలో తాత దగ్గర. సెలవులకు వచ్చినప్పుడు రాబోయే పాఠాలను పైకి చెప్పుకునేవాడు. వినేది అమ్మ. అక్షరం ముక్క రాని మా అమ్మ వాకిట్లో పల్లికాయ ఒలుస్తూ, బుద్ధిమంతురాలైన విద్యార్థిలా తల ఊపేది. ఊపడం ఆగితే నాయన ఆ ముక్క మళ్ళీ మొదలుపెట్టేవాడు. వాళ్ళ కాపురంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

నిజాం పాలన పోయిన మరుసటి ఎండాకాలం, ఇక పాఠాలన్నీ ఇంగ్లీషులో చెప్పాలన్నారు. అన్నవాళ్ళకేం, అనేసి పోయారు. నాయన సెలవులన్నీ వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ పుస్తకాన్ని బట్టీపట్టాడు. అమ్మ ఎప్పటిలాగే తల ఊపింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎక్కడా ఆపలేదు పాపం. అదే మా కొంప ముంచింది.

"మంచిగనే చెప్తున్రు. పరేషాన్ గాకుండ్రి," అని ధైర్యం కూడా చెప్పింది.

దసరాకు నాయన చిక్కి సగమై వచ్చాడు. అమ్మ సంచి పరిచి, కొత్త పల్లికాయ ముందేసుకుని కూర్చుంది. ఆయన గోడకు జారగిలబడ్డాడు.

"ఏంది, పాఠం చెప్తలేరు?"

"ఇంకెవలికి చెప్పాలె? ఒక పిలగాడు లేచి అడిగిండు. ఎండల ముట్టుకుంటె ఇనుము కాలినట్టు కట్టె ఎందుకు కాలదు సార్ అని. నాకు తెల్సు. ఇంగ్లీషు నోటికి రాక ఉర్దూల చెప్పబోయిన. అందరు నవ్విండ్రు. నేనే పోయి అడిగిన, సామాన్ల గదికి మార్చుండ్రి అని. గిప్పుడు ప్రయోగాల సామాను తుడిచి పెడ్తున్న."

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ ఏడవలేదు.

"నవ్వితే నవ్వనియ్యుండ్రి. నాకు చెప్పుండ్రి, ఎందుకు కాలదో. మన తెలుగుల చెప్పుండ్రి."

నాయన నిటారుగా కూర్చున్నాడు. "ఇనుముల హరారత్..." అని ఆగాడు. "వేడి..." అని మళ్ళీ ఆగాడు. ఆయనకు ఆ చదువు తెలుగులో ఎవరూ చెప్పలేదు.

అమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని, తల ఊపడానికి ఎదురుచూస్తూ కూర్చుంది.