ఎస్తేరమ్మ గారి ఎడమ చెవి

వాల్వులు వేడెక్కేటప్పుడు వచ్చే వాసనను వర్ణించమంటే నా వల్ల కాదు. కాలీ కాలని దుమ్ము, పాత చెక్క, ఇస్త్రీపెట్టె కింద పడిన తడిచొక్కా, ఈ మూడూ కలిసి కాపురం పెడితే అలాంటి వాసన రావచ్చు. మొన్న ఆదివారం ధర్మవరంలో మా ఇంట్లో చాన్నాళ్ల తర్వాత ఆ పెట్టెకు కరెంటిచ్చాను. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో, హెడ్‌ఫోన్ల కోసం నేనే చేసిన యాంప్లిఫయరది. గాజుబుడ్ల లోపల ఎర్రటి తీగ నిద్రలేచింది. వంటింట్లోంచి మా ఆవిడ "ఏం కాలుతాండాది?" అని కేకేసింది. పెనుకొండ అనబోయి ఊరుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు పెనుకొండలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అంతకుముందు నేను ధర్మవరం దాటి బతికినవాణ్ని కాదు. మా ఇంట్లో మగ్గాల మోత ఎంతటిదంటే, నేను పుట్టినప్పుడు ఏడ్చానో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అలాంటివాణ్ని తీసుకొచ్చి పెనుకొండలో ఓ గదిలో పెడితే ఆ నిశ్శబ్దానికి జ్వరమొచ్చినంత పనైంది. గోడమీద బల్లి నడిచినా వినపడేది. పలకరించే మనిషి లేక ఆ బల్లికే ఆఫీసు కబుర్లు చెప్పుకున్నాను. అది నాకంటే ముందే వేరే ఇల్లు చూసుకుంది.

ఆ గది ఎస్తేరమ్మ గారిది. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగ జీవితమంతా హిందూపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ట్రంకు కాల్ కావాలంటే ఊరంతా ఆమె గొంతు గుండానే పోవాలి. పట్టుగూళ్ల బేరాలు, పెళ్లి సంబంధాలు, చావు కబుర్లు, అన్నీ ఆమె చేతి వైర్లమీదుగానే నడిచాయి. కొత్త యంత్రం వచ్చి, ఎవరి నంబరు వాళ్లే తిప్పుకోవడం మొదలయ్యాక ఆమె వైర్లు గుచ్చే బోర్డును ఆఫీసువాళ్లు ఎత్తేశారు. కొన్నాళ్లు ఏదో కుర్చీలో కూర్చుని, ముందుగానే రిటైరై సొంతూరు పెనుకొండకు వచ్చేశారు. గొంతు మాత్రం రిటైరవలేదు. ఆమె వాకిట్లో నిలబడి పాలవాణ్ని పిలిస్తే బెంగళూరులో పాలవాళ్లు కూడా ఉలిక్కిపడి ఉంటారు.

ఒక సాయంత్రం నా టేప్ రికార్డరు విని ఆమె గడపమీద నిలబడ్డారు.

"ఏమప్పా, ఆ పాడే మనిషికి ముక్కు లేదా?"

"ఎందుకు మేడం?"

"ఊపిరే తీసుకోకుండా పాడతాండాడు. ఊపిరి వినపడాల గదప్పా. నేను లైనియ్యంగానే, మనిషి హలో అనకముందే, ఆ ఊపిరిని బట్టి చెప్పేదాన్ని, చావు కబురో, కానుపు కబురో."

నాకు వాల్వుల పిచ్చి ఉందని అప్పుడే నోరుజారాను. వాటితో వింటే పాటగాడి ఊపిరి కూడా వినపడుతుందన్నాను. అంతే, అలాంటి పెట్టె చెయ్యమని పట్టుకున్నారు. హిందూపురంలో ఒక రేడియో రిపేరు షాపులో దిక్కులేని రేడియోలు గుట్టగా పడుంటే వాటి పొట్టలు కోసి వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు తెచ్చాను. ఎడమ చెవికో వాల్వు, కుడి చెవికో వాల్వు. మొదటిరోజు పాట రాలేదు, ధర్మవరం జంక్షన్లో ఇంజను నిలబడినట్టు ఒకటే గుయ్యిమని మోత. ట్రాన్స్‌ఫార్మరును వాల్వులకు దూరంగా జరిపాను. కరెంటు తీగలు రెండింటినీ మా అమ్మ పట్టుపోగులు పేనినట్టు సన్నగా, బిగువుగా పేనాను. మోత చచ్చింది. వాల్వు పిన్నుల తుప్పు గోకాను. ఇంకా ఒక శత్రువు మిగిలాడు. చేలల్లో బోరు మోటార్లు ఆడే వేళకు వోల్టేజీ పడిపోయి, పాట పథ్యం తిన్నట్టు నీరసంగా వచ్చేది. ఆమె మిద్దెక్కి, ఏ దిక్కున మోటార్లు ఆగాయో చెవితో కనిపెట్టి "ఇప్పుడు పెట్టప్పా!" అని కేకేసేవారు. వాల్వులు వెలిగాక కూడా వెంటనే పాట పెట్టనిచ్చేవారు కాదు. పాలు కాగి పొంగేదాకా ఆగాలి. "నిద్రలేపి వెంటనే పాడమంటే నువ్వు పాడతావా?" అనేవారు. నేను ఎప్పుడు లేపినా పాడనని అనలేకపోయాను.

ఇక ఆదివారాలు నా బతుకులోకి వచ్చాయి. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. నేను ఆమె ఎడమపక్క కూర్చుని చూసేవాణ్ని. పాట ఆమెది, ఆ ముఖం నాది. పాటగాడు ఊపిరి తీసుకున్న చోట ఆమె కూడా తీసుకునేవారు. ఆ ఇంట్లో మేమిద్దరమూ కాక మూడో మనిషి ఒకడున్నట్టు ఉండేది. అది చాలు ఆ వారమంతా బతకడానికి.

కొన్ని నెలలకు ఆమెకు ఒక చిక్కొచ్చింది. "ఎడమ వాల్వు నీరసంగా ఉండాదప్పా. మనిషి కుడిపక్కకు తూలిపోయి పాడతాండాడు, తాగినోని మాదిరి." వాల్వు మార్చాను. తూలుడు తగ్గలేదు. కుడి వాల్వు ఎడమకు, ఎడమది కుడికి మార్చాను. అయినా ఎడమే నీరసం. టంకాలన్నీ ఊడదీసి మళ్లీ వేశాను. హిందూపురం షాపువాడు నన్ను చూడగానే తలుపు వేసుకునే స్థితికి వచ్చాడు. చివరికి విసిగి, హెడ్‌ఫోన్లనే తిరగేసి ఆమె తలకు పెట్టాను. ఇప్పుడు నీరసం కుడిచెవిలోకి పోవాలి.

"యాడ తక్కువగా ఉండాది మేడం?"

 హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఎడమ చెవిని చేత్తో ఒకసారి తడుముకున్నారు. ఆపరేటరు పరికరానికి ఒకే చెవి డిప్ప. పని చేసినన్నాళ్లూ అది ఎడమచెవికే. ఊరి గోలంతా ఆ ఒక్క చెవిలోంచే పోయింది.

"లైను బాగానే ఉండాదప్పా," అన్నారు మెల్లగా. "ఎక్స్ఛేంజీలోనే ఫాల్టు."

ఆమె మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. ఆ తర్వాత ఆదివారం పెట్టెమీద గుడ్డ కప్పి ఉంది. పై ఆదివారం కూడా. "డాక్టరుకు చూపిద్దాం మేడం" అన్నాను. "ఆ చెవితోనే బతికినానప్పా. అది పోయిందని ఇంకొకరు చెప్తే వినే ఓపిక లేదు" అన్నారు. పాలవాణ్ని కూడా పిలవడం మానేశారు. పెనుకొండ మళ్లీ నేను వచ్చిన మొదటిరోజంత నిశ్శబ్దమైపోయింది. ఈసారి కబుర్లు చెప్పుకోవడానికి బల్లి కూడా లేదు.

ఆమె ఆసుపత్రికి రారు. వచ్చినా నాకు తెలిసిన వైద్యం టంకం ఒక్కటే. రెండు చెవులకూ కలిపి ఉన్న వాల్యూమ్ బిరడా పీకేసి, ఏ చెవికి ఆ చెవికి విడివిడిగా రెండు పెట్టాను. తెచ్చి ముందు పెడితే ఆమె కోపంగా చూశారు.

"చెవికి చేతికర్ర తెచ్చినావా?"

"లేదు మేడం. హిందూపురం షాపాయన రెండు కొంటేగాని ఇయ్యనన్నాడు."

ఆమెకు అబద్ధాలు వినడం కొత్త కాదు. పాపం, నమ్మినట్టే ఊరుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి వీధి మొదట్లోకే గొంతు వినపడింది.

"ఏమప్పోయ్! మనిషి మధ్యలోకొచ్చినాడప్పా! నా నెత్తి మధ్యలో నిలబడి పాడతాండాడు!"

పరుగున పోయాను. ఆమె కళ్లు మూసుకుని, ఎడమ బిరడా దాదాపు చివరిదాకా తిప్పి కూర్చుని ఉన్నారు. చెంపలు తడిగా ఉన్నాయి. నేను మామూలుగా కూర్చునే ఎడమవైపు కుర్చీని ఎత్తి కుడివైపు వేసుకున్నాను. ఆమె ఒక కన్ను తెరిచారు.

"ఈ పక్కకెందుకొచ్చినావు?"

"ఈడ గాలి బాగుంది మేడం."

"ఈడ గోడ ఉండాది గదప్పా, గాలి యాడిది?" అని నవ్వారు. ఆ తర్వాత నన్ను ఆ పక్కనుంచి లేపలేదు.

నాకు బదిలీ అయ్యేటప్పుడు ఆమే ఆ పెట్టెను నా చేతిలో పెట్టారు. వద్దన్నాను. "నాకిప్పుడు లోపలే వినపడతాండాదిలే" అన్నారు. అది అబద్ధమో నిజమో పోల్చుకునే చెవి నాకు లేదు. ఇన్ని ఊళ్లను కలిపిన మనిషి పోయిన కబురు నాకు ఎవరూ ఫోను చేసి చెప్పలేదు. హిందూపురం బస్సులో పక్కసీటువాళ్లు మాట్లాడుకుంటుంటే తెలిసింది, అదీ ఆలస్యంగా.

ఇప్పటికీ ఎవరి దగ్గరైనా కూర్చోవాల్సి వస్తే, మాటకు వాళ్లు ఏ పక్క చెవి ఒగ్గుతారో ముందు చూసుకుంటాను. ఆ పక్కకే పోతాను. మనుషులున్నప్పుడు ఇది ఉపయోగపడే అలవాటే. స్టేషన్లో బెంచీమీద ఒక్కణ్నే ఉన్నప్పుడు కూడా కుడి అంచుకు ఒదిగి, నా ఎడమపక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలేస్తాను. ఎవరో ఒకరు వచ్చి "ఈడ ఎవరన్నా ఉండారా అప్పా?" అని అడుగుతారు. లేరని చెప్పడానికి నాకు కాస్త సేపు పడుతుంది.