ఆగమని చెప్పే మాట

కర్నూలుకూ కడపకూ నడుమ, చుట్టూ నల్లరేగడి చేలు, అవి దాటితే రాళ్లగుట్టలు ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. టవర్‌లో కంట్రోలర్‌ని. రోజుకు ఒకటో రెండో ప్రయాణికుల విమానాలు వచ్చేవి. మిగతా సమయమంతా ఫ్లయింగ్ స్కూలు వాళ్ల చిన్న విమానాలదే. ఇద్దరు పట్టే ఆ విమానాలు తెల్లవారగానే మొదలుపెట్టి ఎండ ముదిరేదాకా లేస్తూ దిగుతూ ఉండేవి. నడిపేది పైలటే అయినా, రన్‌వే మీదికి రావాలన్నా, పైకి లేవాలన్నా మేం రేడియోలో సరే అనాలి. ఆ సరే అనడం కూడా మా ఇష్టమొచ్చిన మాటల్లో కుదరదు. ఏ సందర్భానికి ఏ మాట వాడాలో ముందే కట్టుదిట్టంగా ఉంటుంది.

మాది ఆదోని వైపు పల్లె. ఇంట్లో అందరూ సేద్యం చేసేవాళ్లే. నా ఉద్యోగం ఏమిటో అమ్మకు చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. చివరికి ఆమే తేల్చేసింది. "అంటే గాలిమోటరుకు నువ్వు కండక్టరన్నట్టు. నువ్వు రైట్ అంటే పోతాది, లేకుంటే లేదు." నేను నవ్వాను గానీ, అంతకంటే బాగా నేనూ చెప్పలేకపోయాను.

టవర్‌లో మా పెద్దాఫీసరుది కడప. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి, గొంతు పెంచడం ఎరగడు. నేను చేరిన కొత్తలో ఒక కుర్ర పైలట్ రన్‌వే అంచున నిలబడి, "రెడీ ఫర్ టేకాఫ్" అన్నాడు. అప్పుడే ఇంకో విమానం దిగుతోంది. "టేకాఫ్‌కు ఇంకొంచెం ఆగు" అనే అర్థం వచ్చేలా నేను ఇంగ్లీషులో ఏదో అన్నాను. సార్ నా చేతిలోంచి మైకు తీసుకుని, ఉన్నచోటే ఉండమని ఆ పిల్లవాడికి చెప్పి, దిగే విమానం దిగి పక్కకు తప్పుకునేదాకా నాతో మాట్లాడలేదు.

తర్వాత అడిగాడు. "ఏమ్మా, ఆ మాట ఎందుకు పలికినావు?"

"ఏ మాట సార్?"

"టేకాఫ్. లేవమని పర్మిషన్ ఇచ్చేటప్పుడు ఆ మాట అను. ఇచ్చిన పర్మిషన్ వెనక్కి తీసుకునేటప్పుడు అను. ఆ రెండు తావుల్లో తప్ప అది నీ నోట్లోంచి రాకూడదు. మిగతా అన్నిచోట్లా డిపార్చర్ అనాల."

"రెండిటికీ అర్థం ఒకటే కదా సార్."

"నీకి ఒకటే. ఇంజను మోతలో, సగం వినపడీ వినపడక, ఎప్పుడు లేద్దామా అని కూర్చున్నోనికి ఒకటి కాదు. మనిషి వినాలనుకున్న మాటే వింటాడమ్మా. నువ్వు టేకాఫ్‌కు ఆగు అంటావు. ఆగు అనేది గరగరలో కలిసిపోతాది. వానికి టేకాఫ్ ఒక్కటే మిగుల్తాది. అట్ల శానామంది పోయినారు, వేరే దేశాల్లో."

మా నాయన మడక దున్నేటప్పుడు గట్టు మీద ఎవరైనా గట్టిగా "ఓహో" అంటే ఎద్దులు సాలు మధ్యలో నిలబడిపోయేవి. వాటికి తెలిసిన ఆగే మాట "హో". ఆ శబ్దం ఎవరి నోటినుంచి వచ్చినా వాటికి ఒకటే. చేనులో ఉన్నంతసేపు నాయన ఆ మాటను జాగ్రత్తగా వాడుకునేవాడు. సార్ చెప్పింది నాకు అలా అర్థమైంది.

ఆగమని చెప్పడానికి కూడా రెండు రకాల మాటలున్నాయి. పర్మిషన్ ఇచ్చాక, విమానం ఇంకా కదలకముందు ఆపాలంటే "హోల్డ్ పొజిషన్, క్యాన్సిల్ టేకాఫ్" అనాలి. పరుగు మొదలుపెట్టిన విమానాన్ని ఆపాలంటే "స్టాప్ ఇమ్మీడియట్లీ" అనాలి, విమానం పిలుపుపేరుతో కలిపి రెండుసార్లు. పరుగులో ఉన్నవాడి చెవిలో టేకాఫ్ అనే మాట మళ్లీ పడకూడదనే ఈ తేడా అని సార్ చెప్పాడు.

ఫ్లయింగ్ స్కూలు ఇన్‌స్ట్రక్టర్ అప్పుడప్పుడు టవర్‌కు టీకి వచ్చేవాడు. విమానం లేచే క్షణాన పైలట్లు "రొటేట్" అంటారని చదివి, లేపు అనకుండా తిప్పు అనడం ఏమిటని ఆయన్ను అడిగాను.

"పైలట్ విమానాన్ని లేపలేడు మేడమ్" అన్నాడు. "ముక్కు మాత్రం పైకి తిప్పుతాడు. బండికి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తాది చూడండి, ఇరుసు కాడ తిరిగి. అట్లే విమానం కూడా వెనక చక్రాల కాడ తిరుగుతాది. అప్పుడు రెక్కలు గాలికి వాలుగా నిలబడతాయి. లేపేది గాలి. లేపు అని నేర్పిస్తే పిల్లోల్లు గబుక్కున లాగుతారు."

పెద్ద విమానాల్లో దానికంటే ముందు "వీ వన్" అనే మాట ఒకటి ఉంటుందని కూడా ఆయనే చెప్పాడు. ఆ వేగం దాటాక ఆగాలన్నా మిగిలిన రన్‌వే చాలదు. అందుకని ఆ మాట వినగానే పైలట్ ఇంజన్ల పవర్ పిడి మీదనుంచి చేయి తీసేస్తాడు, భయపడి వెనక్కి లాగకుండా.

"మరి చిన్నవాటికి?"

"అంత లెక్క లేదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ముక్కు లేచినాక మాత్రం ఆగమనొద్దు. మా పిల్లలు మీ మాట వింటారు. విని, సగం లేచిన దాన్ని తెచ్చి నేలకు కొడతారు."

ఆ పిల్లల్లో ఒకమ్మాయి పులివెందుల దగ్గర పల్లె నుంచి వచ్చింది. వాళ్ల నాయన తుమ్మలపల్లె గనిలో పని చేసేవాడు. ఒకసారి క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని, "మా నాయన భూమిలోపలికి పోతాడు, నేను పైకి పోతాండా, మా అమ్మకు ఇద్దరితోనూ బాధే" అంది. మాట్లాడేటప్పుడు అక్కా అనేది, రేడియోలో మాత్రం ఒక్క మాట అటూ ఇటూ పోయేది కాదు.

ఆమె ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక సాయంత్రం గట్టి వాన పడింది. మర్నాడు పొద్దునే జీపులో రన్‌వే అంతా చూసి, ఏమీ లేదని డ్రైవర్ భాయ్ చెప్పాడు. వాన వెలిసిన ఆకాశం, మీద ఎండ. పదిగంటలకే తారు మీద ఎండమావి లేచి నీళ్లలా కదులుతోంది. ఆ అమ్మాయి రన్‌వే అంచుకు వచ్చి, "రెడీ ఫర్ డిపార్చర్" అంది. ఆకాశం ఖాళీ, రన్‌వే ఖాళీ. గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పి, "క్లియర్డ్ ఫర్ టేకాఫ్" అన్నాను. ఆమె అదే మాట తిరిగి అప్పజెప్పి పరుగు మొదలుపెట్టింది.

గాలి మీటరు వైపు చూసి తలెత్తేసరికి రన్‌వే అవతలి సగంలో ఏదో గోధుమరంగు గీత కదులుతూ కనిపించింది. అది కూడా ఎండమావే అనుకున్నాను. బైనాక్యులర్ పెట్టుకున్నాను. జింకలు. ఒకదాని వెనక ఒకటి రన్‌వేకు అడ్డంగా దాటుతున్నాయి. మెలితిరిగిన కొమ్ములున్న నల్లటి పోతు ఒకటి సరిగ్గా మధ్యలో నిలబడి, వచ్చే చప్పుడు వైపు చూస్తోంది.

బల్ల మీద వాకీటాకీలో భాయ్ గొంతు. "మేడమ్, జింకలు. వంక నీళ్లకు కంచె కొట్టుకపోయిండాది. తోలుతాండా, పోవడం లేదు."

సార్ నా వెనకే ఉన్నాడు. ఆయన శ్వాస నాకు వినపడుతోంది. మైకు నా చేతిలో ఉంది, రెండు గొంతులు పలికితే పైలట్‌కు ఒక్కటీ అందదని ఆయనే నాకు నేర్పాడు.

నాకు తెలియాల్సింది ఒక్కటే, ముక్కు చక్రం నేల మీద ఉందా లేదా. కనబడదు. విమానం కింద ఎండమావి మిలమిలలాడుతూ చక్రాలను పూర్తిగా మింగేసింది. తెల్లటి విమానం నీటి మీద తేలుతున్నట్టుంది. లేచిందని చూస్తే లేచినట్టుంది, లేవలేదని చూస్తే లేవనట్టుంది. ఇన్‌స్ట్రక్టర్ హెచ్చరిక తలలో మోగుతోంది. ఆగమంటే నేలకు కొట్టుకుంటుందేమో. అనకపోతే ఆ పోతును గుద్దుకుంటుందేమో.

రన్‌వే పక్కన, గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచీ స్తంభం ఉంది. ఈ చిన్న విమానాలు దాన్ని దాటాకే ముక్కు ఎత్తడం నేను రోజూ చూస్తున్నాను. ఆమె ఇంకా స్తంభానికి ఇవతలే ఉంది, కొంచెం ఇవతల. నా వేలు స్విచ్ నొక్కింది. పిలుపుపేరు, స్టాప్ ఇమ్మీడియట్లీ. మళ్లీ పిలుపుపేరు, స్టాప్ ఇమ్మీడియట్లీ.

విమానం ఆగలేదు. వినలేదేమో అనుకున్నాను. అంతలో ముక్కు కిందికి వంగింది, చక్రాల దగ్గర తెల్లటి పొగ లేచింది. విమానం ఎడమకు ఒరిగి, మెలికలు తిరుగుతూ రన్‌వే అంచు దాటింది. ముందురోజు వానకు నానిన నల్లరేగడిలో ముందు చక్రం కూరుకుపోయింది. తోక పైకి లేచింది, ప్రొపెల్లర్ బురదను చీల్చి నిలిచిపోయింది. తోక మెల్లగా మళ్లీ కిందికి దిగింది.

సార్ అప్పటికే అలారం నొక్కాడు. "నువ్వు పిలుస్తా ఉండు" అన్నాడు నాతో. పిలిచాను. జవాబు లేదు. ఫైరింజను షెడ్డు దాటింది. మళ్లీ పిలిచాను. విమానం తలుపు తెరుచుకోలేదు. అవతలి కొసన జింకలు చెల్లాచెదురుగా చేలల్లో పడి పోతున్నాయి. ఆ పోతు ఎప్పుడు కదిలిందో నేను చూడలేదు.

మూడోసారి పిలిచాక రేడియోలో గరగర. తర్వాత తెలుగులో, ఏ పద్ధతీ లేకుండా, "అక్కా, నేను బాగుండా" అని వినపడింది.

నేను మైకు పక్కన పెట్టి బల్ల పట్టుకున్నాను.

ఆమె పెదవి చిట్లింది, భుజం మీద బెల్టు కమిలిన గుర్తు. అంతకుమించి దెబ్బల్లేవు. విమానానికి మాత్రం ముందు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ వంగింది. ఆ సాయంత్రం రేడియో రికార్డింగు వినడానికి మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టారు. ఇన్‌స్ట్రక్టర్ మొహం ఎర్రగా ఉంది.

"జింకలు దూరాన ఉండాయి. ఆమె ఇంకో రెండు క్షణాల్లో లేచిండును. వాటి మీదుగా పోయిండును" అన్నాడు. "నేనైతే పోతాంటి."

చక్రం కనబడలేదనీ, స్తంభం చూసి చెప్పాననీ ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతుంటే అది చాలా బలహీనమైన కారణంలా నాకే అనిపించింది.

అప్పుడు ఆ అమ్మాయి మాట్లాడింది. చిట్లిన పెదవితో మాట సరిగా రావడం లేదు. "రొటేట్ అనబోతాండా సార్. ర దాకా వచ్చినాది. అంతలో ఆగమన్నారు. నేనేం ఆలోచించలేదు. చేయి దానంతటదే పవర్ తీసేసినాది. అక్క జింకలుండాయి చూసుకో అనింటే, యాడుండాయని తలెత్తి చూస్తాంటి. చూస్తా చూస్తా లాగుతాంటి. ఏమయ్యిండునో నాకి తెలీదు."

"అది నిజమే" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. మళ్లీ, "అయినా నేనైతే పోతాంటి" అన్నాడు. సార్ ఆ రెండు మాటలకూ తల ఊపాడు. ఎవరిదీ తప్పు లేదని తర్వాత విచారణలో తేల్చారు. ఆయన చెప్పిందీ నిజం కావచ్చని నేను ఇప్పటికీ అనుకుంటాను. రికార్డింగులో నా గొంతు ఉంది గానీ, చక్రం ఎక్కడుందో లేదు.

రికార్డింగు వినడానికి ముందే, ఆరోజు మధ్యాహ్నం రన్‌వే కడిగి మళ్లీ తెరిచాక, సార్ నన్ను మైకు ముందు కూర్చోబెట్టాడు. ఈరోజుకు వద్దని చెప్పాను.

"ఇప్పుడు కూర్చోకుంటే రేపు కూర్చోలేవు" అన్నాడు.

ప్రయాణికుల విమానం ఒకటి రన్‌వే మీద నిలబడి నా మాట కోసం చూస్తోంది. అవతలి కొసదాకా బైనాక్యులర్‌తో చూశాను. మళ్లీ చూశాను. కంచె దగ్గర భాయ్ జీపు కాపలా ఉంది. అంతా ఖాళీ అని తెలుస్తూనే ఉంది, ఆ రెండు మూడు మాటలూ అనలేకపోతున్నాను. సార్ మైకు తీసుకోలేదు, తొందరపెట్టలేదు. విమానంలోని పైలట్ మళ్లీ గుర్తుచేశాడు, సిద్ధంగా ఉన్నామని. అప్పుడు అన్నాను. పెద్ద విమానం కాబట్టి త్వరగానే స్తంభం దాటి, ముక్కు ఎత్తి, గుట్టల మీదుగా వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి ఇంటికి వెళ్లింది. ఇక తిరిగి రాదని స్కూల్లో అనుకున్నారు. కొన్ని వారాల తర్వాత వాళ్ల అమ్మతో కలిసి వచ్చింది, ముందురోజు ఒంటిమిట్ట గుడికి పోయి వచ్చామని చెప్పి నాకు ప్రసాదం పొట్లం ఇచ్చింది. వాళ్లమ్మ నన్ను కిందనుంచి మీదిదాకా చూసి, "ఆపింది నువ్వేనా?" అంది. అవునన్నాను. ఇంకేదో అంటుందని చూశాను. "ఈసారి పోనియ్" అంది. తిట్టో, వేడికోలో నాకు తెలియలేదు.

ఆమె మళ్లీ ఒంటరిగా ఎగిరిన రోజు నాకు డ్యూటీ లేదు. అమ్మకు బాగాలేదంటే ఊరికి బయల్దేరాను. రోడ్డు మీద బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కంచె అవతల ఒక చిన్న విమానం పరుగు తీస్తూ బస్సుతో పాటే వచ్చింది. ముక్కు మెల్లగా, తొందరలేకుండా ఎత్తింది. చక్రాలకూ నేలకూ నడుమ వెలుతురు కనిపించింది. నా పక్కన కూర్చున్న ముసలాయన, "ఏంటిది, ఈ ఎండలో తిరుగుతాండాది" అన్నాడు. నేర్చుకుంటున్నారని చెప్పాను. అందులో ఉన్నది ఆమేనో కాదో తెలియదు. కండక్టరు టికెట్టు అడిగేదాకా అటే చూస్తూ కూర్చున్నాను.