బంతి చేయని నేరం

ఆ రోజు సన్యాసిరావు విసిరిన బంతి నా గ్లవ్ అంచును తాకి ఎడమ పక్కటెముకల మీద పడింది. అప్పుడు నేను బి.ఎ. రెండో సంవత్సరం చదువుతున్నాను. నర్సీపట్నంలో మా కాలేజీ బేస్‌బాల్ జట్టులో బ్యాట్ పట్టినవాడి వెనక కూర్చుని బంతి అందుకునే క్యాచర్‌ని. మా ఊరికి ఆ ఆట కొత్త. పి.డి. మాస్టారు విశాఖలో కోచింగ్ క్యాంపుకు వెళ్ళి నేర్చుకొచ్చారు. గడ్డి కూరిన గోనెసంచులే మాకు పరుగెత్తి తాకే బేసులు. నా ఛాతీకి రక్షణ, దర్జీ కుట్టిన దూది బొంత. బంతి విసిరే మా పిచ్చర్ సన్యాసిరావు ఎస్. రాయవరం వైపు రైతుబిడ్డ. చెరుకుతోటలో నక్కల మీద రాళ్ళు విసిరి పెరిగిన చెయ్యి అతనిది.

దెబ్బ నొప్పి నాలుగు రోజుల్లో తగ్గాలి. తగ్గలేదు. గట్టిగా ఊపిరి పీలిస్తే పక్కలో పొడిచినట్టుండేది. బెణుకులకు కట్టు కట్టే పెద్దాయన తెల్లసొనలో మినప్పిండి కలిపి పట్టు వేశారు. పట్టు ఎండి బిగిసింది, నొప్పి అలాగే ఉండిపోయింది.

నేను కాలేజీ డిబేట్లలో వాదించేవాణ్ణి. ఒకదాని తర్వాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని చెప్పి ఎదుటి పక్షాన్ని ఎన్నోసార్లు ఓడించాను. నా ఒంటి విషయంలో ఆ సూత్రమే మరిచిపోయి, అంతా బంతి వల్లేనని తీర్మానించుకున్నాను. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం, పొడిదగ్గు, చొక్కా వదులు కావడం నా బంతి వాదనలో ఇమడలేదు. ఇమడలేదు కనుక ఎవరికీ చెప్పలేదు. అమ్మ అడిగితే దెబ్బ జ్వరం అన్నాను.

ఈలోగా జట్టులో ఎవరో సన్యాసిరావును "సొంత క్యాచర్‌నే ఔట్ చేసిన మొనగాడు" అని ఎకసెక్కం చేశారు. అప్పటినుంచి అతని చెయ్యి వెనకాడింది. సీజన్‌లో మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిపోయాం. ఆదివారం ఆదివారం అతను కొత్తబెల్లం పొట్లంతో మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడేవాడు.

"ఏటిరా, ఇంకా నొప్పేనా?"

"నొప్పే."

తల దించుకొని వెళ్ళిపోయేవాడు.

అయిదో వారంలో కాలేజీ మెట్ల మీద ఆయాసంతో కూలబడ్డాను. అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ గారి ముందు నా వాదన క్రమంగా వినిపించాను: బంతి బరువు, వేగం, తగిలిన చోటు. ఆమె వీపు మీద వేళ్ళతో తట్టి చూసి, స్టెతస్కోప్ తీశారు.

"వాదన బావుంది బాబూ. సాయంత్రం జ్వరం వస్తోందా?"

అమ్మ అందుకుంది. "రోజూ వస్తోందండీ. దెబ్బ జ్వరమని వీడే చెప్పాడు."

"నెల్లాళ్ళు జ్వరం తెచ్చే బంతిని నేనెక్కడా చూడలేదమ్మా," అంటూ ఆమె ఎక్స్-రే రాశారు.

ఎక్స్-రేలో ఎడమ ఊపిరితిత్తి కింది సగం తెల్లగా కనిపించింది. "ప్లూరల్ ఎఫ్యూజన్. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. టీబీ అని నా అనుమానం." విశాఖ ఆసుపత్రిలో వీపులోంచి సూది దించి, ఎండుగడ్డి రంగు నీరు సీసాడు తీశారు. పరీక్షలన్నీ చూశాక అక్కడి డాక్టరు అనుమానం నిజమేనన్నారు. స్పుటమ్ టెస్ట్, అంటే కఫం పరీక్ష, నెగెటివ్. "నీ నుంచి ఎవరికీ అంటదు. కానీ మందులు ఏడాదిన్నర. ఒక్క రోజు మానకూడదు."

ఇంటికొచ్చాక, హైస్కూల్ మాస్టారైన మా నాన్నగారు తలుపు దగ్గరికి వేసి అన్నారు: "ఊరంతా బంతి దెబ్బే అనుకుంటోంది. అలాగే అనుకోనీ. టీబీ అని తెలిస్తే మనింట్లో మంచినీళ్ళు ముట్టేవాడుండడు."

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. అయినా అడిగాను. "మరి సన్యాసిరావు సంగతేమిటి నాన్నగారూ?"

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచి తుడిచి, చివరికి "పిలిపించు" అన్నారు.

సన్యాసిరావు వచ్చి గుమ్మంలో ఆగాడు. లోపలికి రమ్మన్నాను. "నీ బంతి వల్ల కాదురా. ఇది టీబీ. దెబ్బ తగలక ముందే ఉందట."

"ఒట్టే?"

ఎక్స్-రే చేతికిచ్చాను. కిటికీ వెలుగులో తలకిందులుగా పట్టుకొని చాలాసేపు చూశాడు.

"అయితే నాను సెయ్యలేదన్నమాట."

"లేదు."

"ఓరి నీ వాదన మండా! రెండు మేచ్‌లు నాశనం సేసేవు కదరా! ఆ డాక్టరమ్మకి బేగి సూపించుకోడానికేటైంది నీకు?" కళ్ళు తుడుచుకొని, నా మంచం పక్కనున్న గ్లాసు ఎత్తి, నేను తాగగా మిగిలిన నీళ్ళు గడగడా తాగేశాడు. గుమ్మంలో నాన్నగారు చూస్తూనే ఉన్నారు.

తర్వాతి మ్యాచ్‌లో సన్యాసిరావు బంతి ఎదుటివాళ్ళ బ్యాట్‌కు అందలేదు. మిగిలిన మూడూ గెలిచాం. కప్పు రాలేదు.

రెండో నెలలో నాకు తల తిరుగుడు, చెవుల్లో హోరు మొదలయ్యాయి. అంతా అయిపోయిందనుకున్నాను. ఈసారి మాత్రం ఆ పూటే వెళ్ళి చెప్పాను. "టీబీకి నీకిస్తున్న స్ట్రెప్టోమైసిన్ వల్ల. ఇంజెక్షన్లు ఆపి మందు మారుద్దాం. మంచి పని చేశావు, చెప్పావు," అన్నారు డాక్టరమ్మ గారు.

కోర్సు నిరుడు పూర్తయింది. ఎక్స్-రే తేటగా ఉంది. ఇప్పుడు బి.ఇడి. చదువుతూ, సెలవుల్లో మా పాత గ్రౌండుకు వెళుతున్నాను. మొదటి రోజు సన్యాసిరావు పసిపిల్లాడికి వేసినట్టు మెల్లగా వేశాడు. "జోరుగా వెయ్యరా" అని అరిచాను. వేశాడు. అరచెయ్యి మండింది. ఆ మంటకు కారణం నిస్సందేహంగా బంతే. మూడో రోజుకు తగ్గిపోయింది.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఒంట్లో తోచినవన్నీ కాగితం మీద రాసుకోండి. మీరు ఊహించిన కారణానికి పొసగనిదేదైనా ఉంటే, దాన్ని అన్నిటికన్నా పైన రాయండి.