అత్తగారి నడకకు సరిపడ్డ విమానం

కాగితం విమానమంటే నా దృష్టిలో బాణమే. వదలగానే సర్రున వెళ్ళి ఎవరి వీపుకో తగలాలి. నిదానంగా ఎగిరే విమానం ఎందుకూ దండగ అనుకునేవాణ్ణి. ఆలస్యం అమృతం విషం అని నమ్మే మనిషిని, ఎమ్మార్టీ రైలు తలుపులు మూసుకునేలోపు దూరిపోయే రకాన్ని. అలాంటివాణ్ణి మా అత్తగారి కోసం సెలవురోజుల్లో నేలమీద చతికిలబడి కాగితాలు మడిచాను.

ఆవిడ సింగపూర్‌లో, టాంపినీస్‌లో మా ఇంట్లోనే ఉంటారు. మోకాలి ఆపరేషనయింది. కాలు బాగానే ఉంది, ఇక కర్ర వదిలి నడవాలి, లేకపోతే బిగుసుకుపోతుందన్నాడు డాక్టరు. ఆవిడ వదిలితేగా! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. ఇప్పుడు ఆవిడకే మూడు కాళ్ళు, మూడోది కర్ర. మా ఆవిడ బతిమాలింది, కోప్పడింది. మార్కెట్‌లో చేపలవాడితో చేతిసైగలతోనే బేరమాడి గెలిచే మనిషి సోఫాలో పాతుకుపోతారేమోనని నాకు భయం పట్టుకుంది.

అప్పుడే ఒక వీడియో చూశాను. ఒకాయన పెద్ద అట్టముక్కను నిలబెట్టి పట్టుకుని నడుస్తున్నాడు. అట్టకు తగిలి పైకి లేచే గాలిమీద, దాని ముందు ఒక పల్చటి కాగితం విమానం తేలుతోంది. నడిచినంతసేపూ అది పడదు. అట్ట పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. నాకు నచ్చింది అదే.

కానీ అది అత్తగారి నడకంత నిదానంగా ఎగరాలి. ప్రింటర్ కాగితం బరువైపోయింది. మా ఆవిడ కొత్త చెప్పుల డబ్బాలోని పల్చటి కాగితం తీసి, రెక్కలు వెడల్పుగా మడిచాను. ముక్కు పైకెత్తి తోకమీద కూలబడింది. ముక్కుకు క్లిప్పు పెడితే తలకిందులుగా దూకింది. ఫ్యానేస్తే ఎగిరిపోతుంది, ఆపితే నాకు చెమటలు.

"దరిద్రపుగొట్టు విమానం!" అన్నాను పైకే.

"కొత్త బండిని అలా తిట్టకండి బాబూ. బొట్టయినా పెట్టలేదు మీరు," అన్నారు అత్తగారు సోఫాలోంచి.

పసుపు తడిపించి తెప్పించుకుని ముక్కుమీద అద్ది, పైన కుంకుమ పెట్టారు. ఆరాక వదిలాను. ముక్కు దించుకుని బుద్ధిగా, తాపీగా సాగింది. దానికి కావలసిన బరువు ఆ బొట్టంతేనన్నమాట! నాకు నవ్వాగలేదు.

అట్ట పట్టుకుని వెనక నడిచాను. నాలుగడుగులకే అట్ట వెళ్ళి దాన్ని గుద్దేసింది. మళ్ళీ వదిలితే మళ్ళీ గుద్దింది.

"అదేం నడకండీ బాబూ, ట్రైను మిస్సయిపోతున్నట్టు! ఇలా ఇవ్వండి."

ఆవిడ కర్ర సాయంతో లేచి, దాన్ని సోఫాకు ఆనించి, రెండు చేతులా అట్ట పట్టుకున్నారు. నేను ముందు నిలబడి విమానం వదిలాను. దానిమీదే చూపు పెట్టి ఆవిడ ఒక్కో అడుగూ వేశారు. అది ఆవిడ ముఖం ముందే తేలుతూ హాలంతా దాటి, వంటింటి గుమ్మానికి తగిలి పడింది. పక్కనే చేతులు చాచి నడిచాను గానీ, పట్టుకునే అవసరమే రాలేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"చూశారా!" అంటూ ఆవిడ గర్వంగా వెనక్కి తిరిగారు. కర్ర హాలుకు ఆ చివర ఉంది. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"బాబూ, కాస్త ఆ కర్ర అందుకోండి."

పెళ్ళయినప్పటినుంచీ అత్తగారు ఏదడిగినా పరిగెత్తి తెచ్చిపెట్టినవాణ్ణి. ఆ రోజు కర్ర కోసం కదల్లేదు. విమానం తీసి, రెక్కలు సరిచేసి, సోఫావైపు తిప్పి పట్టుకున్నాను.

ఆవిడ నన్ను గుర్రుగా చూశారు. తరవాత అట్ట ఎత్తారు.