బంతుల కిరీటం పెట్టుకున్న పురుగు

మా అన్న ఒల్మేదో భార్య బెత్సబే మా అడవి ఊరు ఆర్చిదోనాలో పెళ్ళిళ్ళకూ బాప్తిస్మాలకూ ఫొటోలు తీసేది. ఒకసారి విందులో తాగిన పెద్దమనిషి ఒకాయన తూలి ఆమె మీద పడ్డాడు. లెన్సు ఊడి నేలకు కొట్టుకుంది. గాజు పగల్లేదు గానీ కెమెరాకు తగిలించే చోట విరిగింది. ఇంటికొచ్చి, అద్దం బాగుందో లేదో చూద్దామని లెన్సును తిరగేసి చేత్తో కెమెరాకు అదిమిపట్టి అరటితొక్క మీదకు వంగింది. తిరగేసిన లెన్సులోంచి చిన్నదంతా కొండంతగా కనబడింది; ఎంతకీ లేవలేదు.

"లిబియా, ఇటు రా. చీమ మీసాలు దువ్వుకుంటోంది" అంది నాతో.

చూశాను. ముంగాలికున్న దువ్వెనలో మీసం పెట్టి నింపాదిగా లాగుతోంది. 

ఆ రోజునుంచి వదిన ఇంటివెనక అడవిలోనే ఉండేది. పొయ్యిమీద కర్రపెండలం మాడేది. తన మొహం ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా చూసిందా అని అన్న దెప్పితే, చూశాననీ, పురుగుల మీసాలే శుభ్రంగా ఉన్నాయనీ అనేది.

ఆమెకు ఒక పురుగు మీద మనసు పడింది. బియ్యపుగింజ కంటే చిన్నది, నెత్తిన కొమ్మలకు గుచ్చిన నాలుగు నల్లబంతులు. దగ్గరికి వెళ్తే తానున్న మొక్క కాడ వెనక్కి జరిగేది, ఇంకా వెళ్తే ఎగిరిపోయేది. ఒక ఉదయం దాని పిల్ల ఒకటి కాడను కరుచుకుని కదలకుండా కనబడింది. పాత తోలు విడవడానికి వీపు చీలుతోంది. వదిన మా ఇద్దరినీ కేకేసింది. చినుకులు పడుతున్నాయి. అన్న అరటాకు పట్టాడు, నేను దీపం పట్టాను.

చీలికలోంచి పాలలాంటి తెల్లటి ఒళ్ళు బయటికొచ్చింది. నెత్తిన తడిగుడ్డలా ముడతలు. ఆ ముడతల్లోంచి ఒక బంతి ఊరింది. తర్వాత రెండోది. వదిన ఊపిరి తీయడం లేదు. మూడోది గుండ్రంగా నిండింది.

"బెత్సా, నా చేతిమీదికి నల్లచీమ ఎక్కింది" అన్నాడు అన్న, మెల్లగా. కుడితే మంచం పట్టించే రకం అది.

"పెద్దదా?"

"నిన్ను విధవను చేసేంత."

"కదలకండి. నాలుగో బంతి ఇంకా పొంగలేదు."

చీమ కుట్టింది. అన్న పళ్ళు బిగించాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అరటాకు మాత్రం వంగలేదు. నాలుగో బంతి నిండింది. వదిన కెమెరా మీట వరసగా నొక్కుతూనే పోయింది. ఆ తర్వాతే ఆకు కిందపడింది, దాని పక్కన అన్న కూడా.

చెయ్యి వాచి జ్వరంతో పడుకున్నవాడు, దేనికోసం చచ్చానో చూపించమన్నాడు. వదిన చూపించింది. తెల్లటి ఒంటిమీద నాలుగు బంతులు, నీళ్ళలో నానిన ముత్యాల్లా.  అన్న ఇంకోసారి చూపించమన్నాడు.

ఆదివారం సంతలో ఆ ఫొటోను తలుపంత పెద్దది చేయించి తానే నిలబెట్టాడు. ఇది బజార్లో కొన్న ఆటబొమ్మ అన్నవాళ్ళకు వాచిన చెయ్యి చూపించాడు. కర్రపెండలం పులియబెట్టిన చిక్కటి చీచా గిన్నెలు చేతుల్లో అలాగే ఉండిపోయాయి, జనం ఒకళ్ళ భుజాల మీంచి ఒకళ్ళు చూశారు.

మర్నాడే, సంతలో అది చూసిన ఒక కోకోతోట పెద్దాయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది: "అమ్మా, నా తోటలో ఏదో పురుగు బంగారంలా మెరుస్తోంది. కొమ్మ కొయ్యకుండా ఆపాను. తొందరగా రా."

వదిన చెప్పులు కూడా వేసుకోలేదు. ఇప్పుడు పెళ్ళివాళ్ళు పిలిస్తే, ఆ రోజు ఎవరి తోటలోనూ ఏమీ పుట్టకపోతే వస్తానంటుంది.