గట్టు మీద ఒక్క చరుపు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. తెనాలిలో ఎన్నో ఏళ్లుగా బళ్లకు కరెంటు పని చేస్తున్నాను. లారీ లైటు దానంతటదే వెలిగిందనీ, హారన్ దానంతటదే మోగిందనీ బెదిరిపోయి నా షెడ్డుకి వచ్చినవాళ్లు బోలెడుమంది. విప్పి చూస్తే ప్రతిసారీ ఎలక కొరికిన వైరో, తుప్పు పట్టిన ఎర్తో కనపడేది. దెయ్యం ఏనాడూ దొరకలేదు. దొరికితే రిపేరు చార్జీ దాని దగ్గరే వసూలు చేద్దామనుకునేవాణ్ణి.

కాబట్టి నేను చెప్పబోయేది విని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. ఇదే మాట ఇంకొకడు చెబితే నేను మీకంటే గట్టిగా నవ్వేవాణ్ణి.

మా చెల్లెలు సునీతను రేపల్లె ఇచ్చాం. బావకు ఒక చిన్న వ్యాను ఉంది. రొయ్యల చెరువులకు మేత బస్తాలు తోలతాడు. ఆ చెరువుల గట్లు ఎలా ఉంటాయంటే, అటు నీళ్లు, ఇటు నీళ్లు, మధ్యలో బండి పట్టేంత మట్టి. తిప్పుకునే చోటే ఉండదు. అందుకని గట్టు మొదటి నుంచి మేత షెడ్డు దాకా రివర్సులోనే వెళ్లాలి. బస్తాలు దించాక ముందుకి తోలుకుంటూ రావాలి.

బండి వెనక ఒక మనిషి నడుస్తూ దారి చెప్పాలి. నోటితో చెబితే వినపడదు. చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ల మోత అలాంటిది. అందుకే చేత్తో బండి బాడీ మీద చరుస్తారు. రెండు చరుపులంటే రమ్మని, ఒక్క చరుపంటే ఆగమని. ఈ పని బావ వాళ్ల చిన్నాన్న కోటయ్య చేసేవాడు. నాకు వరసకి మావయ్య.

కోటయ్య గురించి మంచి చెప్పమంటే నా వల్ల కాదు. నోట్లో బీడీ లేకపోతే బూతు ఉండేది. తాను చరవకపోతే ఈ పక్క బళ్లన్నీ చెరువుల్లోనే తేలేవని కోతలు కోసేవాడు. పెళ్లాం బిడ్డలు లేరు, అడిగేవాళ్లు లేరు. మోకాళ్లు అరిగిపోయి కుంటడం మొదలుపెట్టాక, ఇక ఈయనతో కాదని బావ నన్ను అడిగాడు, బండి వెనక మంచి వెలుతురిచ్చే రివర్స్ లైట్లు అదనంగా పెట్టమని.

బండి తెనాలి వచ్చింది. పిలవని పేరంటానికి వచ్చినట్టు కోటయ్య కూడా దిగాడు. నేను చేసిన పని కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే తర్వాత నా వైరింగు మీద అనుమానపడిన మేధావులు ఉన్నారు. వెనక బంపరుకి అటొకటి ఇటొకటి ఎల్‌ఈడీ లైట్లు బిగించాను. రివర్స్ స్విచ్చి నుంచి తీగ లాగి, స్విచ్చి మీద లోడు పడకుండా రిలే పెట్టి, బ్యాటరీ నుంచి వేరే ఫ్యూజుతో కరెంటు ఇచ్చాను. కొందరు మహానుభావులు రిలే దండగనుకుని పాత తీగకే కొత్త లైటు ముడేస్తారు. స్విచ్చి కాలిపోయాక ఏడ్చుకుంటూ నా దగ్గరికే వస్తారు.

గేరు వేయగానే వెనక గోడంతా పట్టపగల్లా తెల్లబడింది.

“ఏంటి అల్లుడూ ఇది, పెళ్లి పందిరా?” అన్నాడు కోటయ్య.

“ఇక నువ్వు చెయ్యి నొప్పెట్టుకోనక్కర్లేదు మావయ్యా. హాయిగా ఇంట్లో పడుకో.”

“లైటు చూపిద్ది. ఆపుద్దా?”

“ఆపడానికి బ్రేకుంది. తొక్కడానికి నడిపేవాడికి కాలుంది,” అన్నాను. బావ పకపకా నవ్వాడు. కోటయ్య బీడీ నేలకేసి నలిపి, ఒక బూతు మాట అని, బండెక్కి కూర్చున్నాడు. పోయేముందు బావ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. నా రిలే మీద లేని నమ్మకం నిమ్మకాయ మీద! వీళ్లు బాగుపడరనుకున్నాను.

చలికాలంలో కోటయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. బాపట్లలో ఆసుపత్రిలో చేర్చారు. బావ అక్కడే ఆయన మంచం దగ్గర ఉండిపోయాడు. రొయ్యలకు ఇవేమీ పట్టవు, వేళకి మేత పడాలి. సునీత ఫోన్ చేస్తే, బావ వచ్చేదాకా బండి తోలిపెడదామని నేను రేపల్లె వెళ్లాను.

మర్నాడు పొద్దున్నే నేనూ, చెరువుల దారి చూపడానికి సునీతా బయల్దేరాం. తెల్లవారింది గానీ మంచు విడలేదు. గట్టు మొదట్లో నేను బండి వెనక్కి మళ్లించుకుంటుంటే సునీత దిగింది.

“ఎందుకే? లైట్లు పెట్టానుగా. ఎక్కి కూర్చో.”

“మంచులో ఆ లైటు తెల్లగా కొట్టుద్ది అన్నయ్యా, ఏమీ కనపడదు. నేను చరుస్తాలే, నువ్వు మెల్లగా రా.”

“మీ చిన్నమావయ్య పిచ్చి నీకూ అంటుకుంది,” అని ఎగతాళి చేశాను.

అది చెప్పింది నిజమే. వెలుగంతా మంచుకి కొట్టుకుని తిరిగి నా అద్దంలోకే వస్తోంది. పాలు పోసినట్టు తెలుపు తప్ప ఏమీ లేదు. అయినా నేను పెట్టిన లైట్లు పనికిరావని నేనే ఒప్పుకుంటానా? అలాగే రానిచ్చాను. రెండేసి చరుపులు మెత్తగా వినపడుతూ వచ్చాయి. కాసేపటికి అవి ఆగిపోయాయి. అలిసిపోయి ఉంటుంది, ఇప్పటికి నా లైట్ల విలువ తెలిసింది అనుకుని బండి ఆపకుండా పోనిచ్చాను.

అప్పుడు ఒక్క చరుపు పడింది.

మెత్తటిది కాదు. బాడీ మొత్తం అదిరింది, ఆ అదురు సీటులోంచి నా వీపుకి తెలిసింది. నా కాలు బ్రేకు మీదికి ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. బండి ఆగింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. షెడ్డు ఇంకా చాలా దూరం ఉంది. ఇంత గట్టు మిగిలుంటే ఆపుతావేంటే అని తిట్టడానికే దిగాను.

సునీత నేల మీద పడి ఉంది. తడి మట్టికి కాలు జారి పక్కకి పడింది. వెనక టైరుకీ దాని నడుముకీ మధ్య నా అరచెయ్యి పట్టేంత సందు కూడా లేదు.

దాన్ని లాగి గట్టు మీద కూర్చోబెట్టాను. ఒళ్లంతా తడిమి చూశాను, ఎక్కడా దెబ్బ లేదు. అప్పుడు ఏడుపొచ్చింది. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాను. అదే నన్ను ఓదార్చింది.

“సమయానికి చరిచావే తల్లీ,” అన్నాను.

“నేను చరవలేదన్నయ్యా. చెయ్యి నా కిందే ఇరుక్కుపోయింది. అరిచాను, నీకు వినపడలా.”

“మరి ఆ చరుపు?”

“నాకూ వినపడింది. సరిగ్గా నా తల పైన.”

లేచి బండి చుట్టూ తిరిగాను. వెనక తలుపు నిండా మంచు తడి. దాని మీద ఒక పక్కగా సునీత చేతి గుర్తులు, మెత్తగా చరిచినవి, స్పష్టంగా ఉన్నాయి. ఇంకే గుర్తూ లేదు. సునీత చేతుల నిండా బురద, తలుపు మీద బురద చుక్క లేదు. రెండు పక్కలా నీళ్లు. గట్టు మీద మా ఇద్దరం తప్ప నరమానవుడు లేడు. కాపలావాడు షెడ్డులోంచి తర్వాత ఎప్పుడో వచ్చాడు, మేము ఎందుకు ఆగిపోయామో అని.

వాడు రాకముందే సునీత ఫోన్ మోగింది. బావ. జరిగింది మేమింకా ఎవరికీ చెప్పలేదు. అవతల సంతోషంతో అరుస్తున్న బావ గొంతు పక్కనున్న నాకు కూడా వినపడుతోంది.

“చిన్నాన్న చెయ్యి ఆడిందే సునీతా! పడిపోయిన చెయ్యే! ఇప్పుడే మంచం కమ్మీ మీద ఠపీమని కొట్టాడు. నర్సులు కూడా పరిగెత్తుకొచ్చారు!”

ఫోన్ లాక్కున్నాను. “ఎన్నిసార్లు కొట్టాడు బావా?”

“ఒక్కసారే. ఎందుకు బావా?”

తర్వాత చెబుతానని పెట్టేశాను.

ఆ వారమే బండిని తెనాలి తెచ్చి నట్టు నట్టూ చూశాను. తలుపు గొళ్లెం, స్టెప్నీ, జాకీ, లైట్ల బ్రాకెట్లు, అన్నీ బిగువుగానే ఉన్నాయి. మేత బస్తాలు ఎక్కించి గతుకుల్లో రివర్సు తోలాను. కిర్రుమంది, గడగడలాడింది, కానీ ఆ చప్పుడు మాత్రం రాలేదు. బాపట్ల డాక్టరు గారేమో పడిపోయిన చెయ్యి ఒక్కోసారి అలా అదురుతుందన్నారట. ఆ చెయ్యి మళ్లీ ఆడలేదు.

విన్నవాళ్లంతా తలా కాస్త తెలివి ఒలకబోశారు. ఒకాయన ఆత్మ అన్నాడు. ఆత్మేంటి నీ బొంద, మనిషి బతికే ఉన్నాడు, చేతికి సెలైను ఎక్కుతోంది! దెయ్యం అని సరిపెట్టుకుందామన్నా కుదరని వ్యవహారం. ఇంకొకాయన కళ్లజోడు సవరించుకుని, కాకతాళీయం అన్నాడు. సరేనయ్యా, అక్కడ మంచం మీద కొట్టింది కాకతాళీయం. ఇక్కడ బండి మీద చరిచింది ఎవడు? దానికి ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

చివరికి నేనూ సునీతా బాపట్ల వెళ్లాం. మాట రాదు గానీ చెప్పింది అర్థమవుతుందని డాక్టరు గారు చెప్పారు. సునీత అరటిపండు మెదిపి కొంచెం కొంచెం ఆయన నోట్లో పెడుతోంది. నేను మంచం మీదికి వంగాను.

“మావయ్యా, ఆ రోజు గట్టు మీద చరిచింది నువ్వేనా?”

కోటయ్య నన్ను కింద నుంచి పై దాకా చూశాడు. పరమ వెధవని చూసినట్టు చూశాడు. తర్వాత ఆడే ఎడమ చేత్తో సునీత మణికట్టు పట్టుకుని, గోడ వైపు తల తిప్పుకున్నాడు. మేము లేచేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

దెయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. కానీ మా చెల్లెలు బతికి ఉంది. ఎలా బతికిందో నన్నడిగితే మాత్రం నాకు తెలియదు.