పులుపు పోయిన చీమల పచ్చడి

చుట్టుపక్కల ఊళ్ల వాళ్లారా, నేను మడకం లచ్చమ్మను, డెబ్బై ఏళ్లుంటాయి. ఇంట్లో నేను, కొడుకు, కడుపుతో ఉన్న కోడలు సోమి.

ఈ రోజు కొడుకు ఇనుప గని దగ్గరి వాగు పక్క చెట్టెక్కి ఎర్రచీమల గూడు తెచ్చాడు. ఎప్పటిలాగే చింతపండుకు బదులు చీమల పచ్చడి వేసి చేపల పులుసు పెట్టాను. సోమి రుచి చూసింది.

"ఇదేందత్తా, పులుపే లేదు! మట్టి వాసనొస్తాంది."

"ఉమ్మెయ్యే పిల్లా!"

"మింగిన గదత్తా."

గూటి ఆకులు కడిగి చూస్తే గని దుమ్ముకు నీళ్లు ఎర్రగా దిగాయి. కుండంతా గోతిలో పారబోశాను. పులి ఎదురైనా నాకింత భయం వేయలేదు. ఆ దుమ్ముతో ఏమీ కాదనే గని సాబులను నా పొయ్యి దగ్గర కూర్చుని తినమనండి.

మీ ఊళ్లో చీమలు ఇంకా పుల్లగానే ఉన్నాయా? దాచకుండా చెప్పండి. సోమి పొట్ట పట్టుకుని నా మొహమే చూస్తోంది.

లచ్చమ్మ వేలిముద్ర. సాక్షులు సోమి, ఇది రాసిపెట్టిన పక్కింటి కన్నమ్మ.